బాతు పిల్లకు గ్రానైట్ గట్టు ఎందుకండీ?

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు రాయడం రైల్వేలో చేరాక నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి. విషయంలో మాత్రం సర్దుకోవద్దు.

మన సంఘం హాలు వెనక కుంటలో అడవి బాతు పిల్లల్ని లేపింది. ముక్కు చివర పసుపు, మొదట్లో ఎర్ర చుక్క ఉంటుందే, స్పాట్‌బిల్ డక్ అంటారు, అదే. మొన్న లెక్కపెడితే తొమ్మిది పిల్లలు. నిన్న ఎనిమిది. గద్ద తన్నుకుపోయి ఉంటుంది, దాని బతుకు అది. నా గొడవ గద్దతో కాదు, కమిటీతో. సంక్రాంతిలోపు జమ్ము, గడ్డి పీకించి, చుట్టూ గ్రానైట్ కట్టించి, రంగు లైట్ల ఫౌంటెన్ పెడతారట. అందంగా ఉంటుందట. ఎవరికి?

ఇది చలికాలంలో వచ్చిపోయే చుట్టం కాదు, ఏడాదంతా ఇక్కడే ఉండే బాతు. నీటి పక్క గడ్డిలో దాచి గుడ్లు పెడుతుంది, మూడు వారాలు దాటి పొదుగుతుంది. పిల్లలు పుట్టిన ఒకటి రెండు రోజులకే నీళ్లలోకి దిగుతాయి. కానీ రోజంతా ఈదలేవు, గట్టెక్కి తల్లి రెక్కల కింద ఒళ్లు కాచుకోవాలి. నిలువు రాతిగోడ ఎలా ఎక్కుతాయి? గడ్డి పోతే పురుగులు పోతాయి. ఆ పురుగులే వాటికి పాలబువ్వ.

"బ్రెడ్డు వేస్తున్నాం కదా" అంటారు. వేయకండి. కడుపు నిండుతుంది గాని బలం రాదు, మిగిలింది నీళ్లలో కుళ్లుతుంది.

నాకు అన్నీ తెలుసని రాయడం లేదు. పోయిన ఏడాది తల్లి కనపడలేదని మూడు పిల్లల్ని అట్టపెట్టెలో ఇంటికి తీసుకెళ్లింది నేనే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది తప్పని కూడా తెలీదు. రాత్రికి రెండు చచ్చిపోయాయి. తెల్లారి మూడోదాన్ని తెస్తే, తల్లి అక్కడే తిరుగుతూ అరుస్తోంది. ఆ రోజంతా మా ఆవిడ నాతో మాట్లాడలేదు. చెయ్యి పెట్టకుండా ఉండటం కూడా సాయమేనని అప్పుడు తెలిసింది.

మెజెస్టిక్ బస్టాండు ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. అవి పూడ్చినప్పుడూ ఎవరో బాగుంటుందనే అని ఉంటారు.

నేను అడిగేది ఇంతే. పిల్లలు ఎగిరేదాకా, సుమారు రెండు నెలలు, జమ్ము ముట్టుకోకండి. ఆ తర్వాత కూడా ఒక వైపు గట్టు ఏటవాలుగా, మట్టితోనే ఉంచండి. కుక్కలు రాకుండా వెనక గేటు మూయించండి. ఫౌంటెన్ డబ్బుతో వంటగది నీళ్లు కుంటలో కలవకుండా పైపు వేయించండి.

ఆదివారం మీటింగులో చెయ్యెత్తే ముందు ఒక్కసారి హాలు వెనక్కి వెళ్లి చూసి రండి. చప్పుడు చేయకుండా.