చేతిపని నేర్పు గురువులు

వేసవి సెలవులు వచ్చుటతోడనే మన పట్టణములలోని బాలభవనములును, సాంస్కృతిక కేంద్రములును, కాలనీ సంఘముల మందిరములును పసిపిల్లలతో నిండిపోవుచుండును. ఒక గదిలో రంగులు, ఒక గదిలో బంకమట్టి, వేఱొక గదిలో సూదియు దారమును. తలిదండ్రులు బిడ్డలను వాకిట దిగవిడిచి, రెండుగంటలసేపైనను వీరు ఎండలో తిరుగకుందురుగదా యని తృప్తిపడి మరలిపోవుదురు. ఆ రెండుగంటలును ఆ బిడ్డలయెదుట నిలుచువాడెవడు, వానికేమి ముట్టుచున్నది, సెలవులు తీరినపిదప వాడెచ్చటికి పోవును అను ప్రశ్న మాత్ర మెవ్వరికిని తోచదు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులో 1966లో జవహర్ బాలభవనము వెలసినదాదిగా ఎందఱో బాలురు అట్టి గదులలో కుంచె పట్టుట నేర్చి పెద్దవారైనారు. నేర్పినవారి పేళ్లు చెప్పుమనిన మనలో ఎందఱు చెప్పగలరు?

చట్టము ఈ వ్యక్తిని ఏమని పిలుచుచున్నదో చూతము. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టమునకు ఒక అనుబంధపట్టిక కలదు. ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు గణిత విజ్ఞానశాస్త్రములకు కలిపి ఒకరు, సాంఘికశాస్త్రమునకు ఒకరు, భాషలకు ఒకరు చొప్పున కనీసము ఇందఱు ఉపాధ్యాయులుండవలెనని అందు విధింపబడినది. కళలకును, ఆరోగ్య వ్యాయామములకును, పనివిద్యకును గూడ మనుష్యులు కావలెనని ఆ పట్టిక యొప్పుకొన్నది. కాని పిల్లల సంఖ్య నూఱు దాటిన బడికి మాత్రమే, అదియు 'పార్ట్‌టైము ఇన్‌స్ట్రక్టర్లు' అను పేరుతో. గణితము చెప్పువాడు ఉపాధ్యాయుడు; మగ్గము చూపువాడు ఇన్‌స్ట్రక్టరు. మొదటివానిది పూర్తికాలము, రెండవవానిది అరకాలము. నూఱు దాటని పల్లెబడికి ఆ అరకాలపు మనిషియు అక్కఱలేదు! కుమ్మరివాడయు సాలెవీధియు గల ఊరి బడిలోనే మట్టిపని, నేతపని చెప్పువాడు ఉండనక్కఱలేదని చట్టము తేల్చుట మాకు మిక్కిలి వింతగా నున్నది.

ఈ ఇన్‌స్ట్రక్టర్లు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటను ఒప్పందముపై పనిచేయుచున్నవారే. పేరునకు అరకాలమైనను వీరిలో పెక్కుమంది ఉదయమునుండి సాయంకాలము వఱకు బడిలోనే యుందురు. రాని పంతులుగారి తరగతి చూచుటకును, వార్షికోత్సవమునకు తోరణములు కట్టుటకును, గోడలపై నినాదములు వ్రాయుటకును వీరే దిక్కు. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లోను, 2024 డిసెంబరులో తెలంగాణలోను సమగ్రశిక్షా ఒప్పంద ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడు పత్రికలు వారిని ఉద్యోగులుగా లెక్కించి వార్త వ్రాసినవి. వారు చెప్పు విద్యకు ఆ దినములలో ఏ నష్టము కలిగినదో ఎవ్వరును విచారించినట్లు మాకు కానరాలేదు. బడులకు వెలుపల, కళాకేంద్రములలో పాఠములు చెప్పువారి స్థితి యింకను పలుచన. వారిలో అనేకులకు తరగతికింత యని కూలి. తరగతి లేని నాడు కూలియు లేదు.

ఇక అర్హత సంగతి. చిత్రలేఖనమునకును, కుట్టుపనికిని, చేనేతకును మన ప్రభుత్వ పరీక్షలశాఖవారు లోయర్, హయ్యర్ అను రెండు శ్రేణుల పరీక్షలు జరుపుచున్నారు. ఆపైని వేసవిలో నలువదిరెండు దినముల శిక్షణ. ఈ రెండును దాటినవానికి నేర్పు పత్రము లభించును. ఈ యేర్పాటును మేము నిందింపము. దాని మూలముననే ఎందఱో పేదకుటుంబముల స్త్రీలు కుట్టు ఉపాధ్యాయినులై జీవించుచున్నారు. కాని కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱను చిన్ననాటనుండి చెక్కుచున్న వృద్ధుడు, ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను సానపట్టి లక్క అద్దువాడు, చేరియాలలో పటము వ్రాయు నకాషీ ఈ పత్రము లేక బడిలో నిలువజాలడు. వానియొద్ద ఆఱునెలలు కూర్చుండి నేర్చుకొన్న యువకుడు పత్రముతో వచ్చిన, ఆ యువకుడు చెల్లును. గురువు చెల్లడు, శిష్యుడు చెల్లును. ఇట్టి నాణెమును మన దేశముననే ముద్రించిరి కాబోలు.

పూర్వ మెల్ల ఇట్లే యుండెనా? 1910లో మచిలీపట్టణమున ఆంధ్రజాతీయకళాశాల స్థాపించిన కోపల్లె హనుమంతరావుగారును, ముట్నూరి కృష్ణారావుగారును, పట్టాభి సీతారామయ్యగారును వేఱొక త్రోవ పట్టిరి. ఆంగ్లప్రభుత్వపు విద్య గుమాస్తాలను పుట్టించుచున్నదని వారి యారోపణ. అందుచేత పుస్తకవిద్యతోపాటు వడ్రంగమును, నేతయు, చిత్రలేఖనమును అదే ఆవరణలో చెప్పించిరి. వంగదేశమునుండి ప్రమోదకుమార చటోపాధ్యాయుని రప్పించి చిత్రకళకు గురువుగా నిలిపిరి. ఆయనయొద్ద నేర్చిన అడివి బాపిరాజుగారు తరువాతి కాలమున ఆ కళాశాలకే ప్రధానాధ్యాపకులైరి. కుంచె పట్టువాడు కళాశాలను నడుపదగినవాడని ఆనాటివారు నమ్మినారనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

రాజమహేంద్రవరపు కథ యింకను చిత్రమైనది. అచ్చటి ప్రభుత్వ కళాశాలకు ప్రధానాధ్యాపకుడైన ఆస్వాల్డు కూల్డ్రే ఆంగ్లేయుడు. మనము ద్వేషించిన ప్రభుత్వపు ఉద్యోగి. ఆయనయే దామెర్ల రామారావు చేతిలోని శక్తిని గుర్తించి, తోడ్పడి, బొంబాయి జె.జె. కళాశాలకు పంపినాడు. రామారావు తిరిగివచ్చి తన యూరిలోనే చిత్రకళాశాల నెలకొల్పి, ఇరువదియెనిమిదేండ్లు నిండకయే 1925లో మసూచికమువలన గతించెను. ఆ పాఠశాలను ఆరిపోనీయక నడిపినది ఆయన మిత్రుడు వరదా వెంకటరత్నముగారు. చిత్రకారునికి కీర్తి దక్కినది, దక్కదగినదే. పాఠము చెప్పినవానిని రాజమహేంద్రవరము దాటిన ఎందఱు తలతురో మాకు సందేహము.

గాంధీమహాత్ముడు 1937లో వార్ధాలో విద్యాసమ్మేళనము కూర్చి, చేతిపనియే సమస్తవిద్యకును వాహిక కావలెనని ప్రతిపాదించెను. జాకిర్ హుస్సేన్ సంఘము ఆ సూత్రమునకు పాఠ్యప్రణాళిక వ్రాసినది. పిల్లలు చేసిన వస్తువుల విక్రయమువలన గురువు జీతము గడచునన్న మాటపై ఆనాడే విమర్శ వచ్చినది; బడి కార్ఖానాగా మాఱునని కె.టి. షా ప్రభృతులు హెచ్చరించిరి. ఆ హెచ్చరికలో నిజము కలదని గాంధీభక్తులమైన మేమును ఒప్పుకొందుము. గురువు జీతమును బిడ్డ చేతులమీద నుంచరాదు. అది ప్రజలందఱి భుజములమీద నుండవలెను. స్వరాజ్యము వచ్చినపిదప మనము చేసినదేమి? జీతపు చిక్కు తీరకమునుపే మూలసిద్ధాంతమునే విడిచిపుచ్చితిమి.

అంతకంటె గొప్ప పొరపాటు 1953లో మదరాసు రాష్ట్రమున జరిగినది. రాజగోపాలాచారిగారి ప్రాథమికవిద్యా పథకము ప్రకారము పిల్లలు పూటయే బడిలో నుండి, మిగిలిన పూట తండ్రి వృత్తిని నేర్చుకొనవలెను. దానికి కులవిద్యయని పేరు వచ్చినది, దేశమెల్ల అట్టుడికినట్లుడికినది, 1954లో కామరాజుగారు దానిని రద్దుచేసిరి. రద్దగుటయే న్యాయము. అయితే ఆ పథకములోని లోపము చేతిపని నేర్పుట కాదని మా యభిప్రాయము. కుమ్మరి బిడ్డకు కుమ్మరితనము, చాకలి బిడ్డకు చాకలితనము అని పుట్టుకనుబట్టి పంచుట మొదటి లోపము. నేర్పువానికి జీతము లేకుండ తండ్రి నెత్తిన వేయుట రెండవది. బడిలో జీతముగల గురువు నిలిచి, ఏ కులపు బిడ్డకైనను ఏ పనియైనను చూపినచో అది కులవిద్య యెట్లగును? కులముచేతిలోనుండి పనిని విడిపించి పౌరులందఱి సొత్తు చేయగలవాడు ఆ గురువొక్కడే. ఈ సంగతి నాటివారికి తోచలేదు, నేటివారికిని తోచుటలేదు.

తోచిన చోట ఏమి జరుగునో శ్రీకాళహస్తి చెప్పుచున్నది. అచ్చటి కలంకారీ అద్దకము 1950ల నాటికి ఒకరిద్దఱు వృద్ధుల చేతులలో మాత్రమే మిగిలియుండెను. కమలాదేవీ చటోపాధ్యాయగారి పూనికవలన 1957లో ప్రభుత్వపక్షమున శిక్షణకేంద్రము తెఱవబడి, జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు గురువుగా నియమింపబడిరి. పరీక్షపత్రము లేని మనిషికి ఆసనమిచ్చుట యనగా ఇది. ఆయన కుమారుడు గురప్పశెట్టిగారు తండ్రియొద్దనే నేర్చి, తామును పెక్కుమందికి నేర్పి, 2008లో పద్మశ్రీ పొందిరి. నేడు ఆ పట్టణమున ఆ వృత్తిపై జీవించువారిలో స్త్రీలును విస్తారముగా నున్నారు.

ఆ కేంద్రములో నేర్పినదేమో కొంచెము వివరించుట యవసరము, ఏలయన పుస్తకముతో పోవు పని కాదిది. బట్టను ఉతికి కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో నానవేయుదురు. పాలలోని వెన్న సిరాను ప్రాకనీయదు. ఆఱినపిదప చింతబరికెలు కాల్చిన బొగ్గుతో చిత్తరువు గీయుదురు. నల్లగీతకు కసిమి కావలెను. త్రుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో వేసి మూడువారముల వఱకు పులియబెట్టినచో అది సిద్ధమగును. వెదురుకలమునకు నూలు చుట్టి, వ్రేళ్లతో ఒత్తుచు ఆ కసిమిని గీయగా, కరక్కాయ పట్టిన బట్టపై అది చూచుచుండగనే నల్లబడును. పక్వము కాని కసిమి గీత వెలవెలబోవును. మితిమీఱిన కసిమి కొన్నియేండ్లకు బట్టనే తినివేయును. ఎప్పుడు పక్వమైనదో వాసన చెప్పును. ఆ వాసనను ఏ పాఠ్యపుస్తకము చెప్పగలదు? ఇక ఎఱుపునకు, ఎచ్చట పటికనీరు పూయుదురో అచ్చటనే రంగు పట్టును. తక్కినచోట్ల పట్టిన మరక పాఱునీటిలో పోవును. స్వర్ణముఖి ఒడ్డున ఈ కళ నిలుచుటకు ఆ పాఱునీరే కారణము. శిష్యుడు బట్టను ఎంతసేపు ఉడికింపవలెనో, ఎంతసేపు జాడింపవలెనో గురువు ప్రక్కన నిలిచి చేయిపెట్టి చూచి నేర్చుకొనును. ఒక ఋతువు కాదు, రెండు మూడు ఋతువులు చూడవలెను. ఎండలో పని వేఱు, మబ్బులో పని వేఱు.

దీనితో నేటి పథకములను పోల్చిచూడుడు. 2023 సెప్టెంబరులో వెలువడిన పి.ఎం. విశ్వకర్మ పథకము పదునెనిమిది వృత్తులవారికి ఉద్దేశింపబడినది. మొదటి శిక్షణ అయిదు మొదలు ఏడు దినములు, కోరినవారికి పదునైదు దినముల పైశిక్షణ, దినమునకు అయిదువందల రూపాయల భృతి, పనిముట్లకు పదునైదువేలు. వృత్తిచేయువానికి ఇది మేలే. పదునైదు దినములలో కసిమి పులియనైనను పులియదు. కాబట్టి క్రొత్తవానిని తయారుచేయు మార్గముగా దానిని చూపరాదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆఱు మొదలు ఎనిమిది తరగతుల బిడ్డలు పది దినములు సంచిలేకుండ వడ్రంగులయొద్దను, కుమ్మరులయొద్దను, చిత్రకారులయొద్దను గడపవలెనని చెప్పినది. స్థానిక కళావేత్తలను బడులలో 'మాస్టర్ ఇన్‌స్ట్రక్టర్లు'గా తీసికొనవచ్చుననియు అన్నది. భావము మెచ్చదగినది. మూడేండ్ల చదువులో పది దినములు! అతిథి ఇల్లు చూచి పోయినట్లుండును గాని నేర్చినట్లుండునా? కొండపల్లి, ఏటికొప్పాక, శ్రీకాళహస్తి, చేరియాల పేళ్లకు భౌగోళికసూచిక రక్షణయు లభించినది. అది పేరును దొంగలనుండి కాపాడును. చేయి ఆగిపోయినపిదప ఆ పేరు దేనిమీద అంటింతురు?

తలిదండ్రులతోను ఒకమాట. బిడ్డ బొమ్మ చేయుచున్నాడని వేసవిలో మురిసి, జూనులో ఐ.ఐ.టి. ఫౌండేషను తరగతిలో పడవేసి, చేతిపని గంటను లెక్కలకు ఇచ్చివేయుమని ప్రధానోపాధ్యాయునితో వాదించువారు మనలోనే యున్నారు. ప్రభుత్వము ఆ గంటను చులకనగా చూచుటలో మన భాగమెంతో మనమే తూచుకొనవలెను.

ధనము లేదను జవాబు రాగలదని మే మెఱుగుదుము. ప్రతి మండలములోను ఒక పూర్తికాలపు చేతిపని గురువును నియమించి, ఆయన వారములో దినమొక బడికి పోవునట్లు ఏర్పఱచుట మోయరాని భారమని మేమనుకొనము. నూఱుమంది లేని బడులకును అప్పుడు ఆయన ముఖము కానవచ్చును. పరీక్షపత్రమునకు బదులు పనినే పరీక్షించి, పేరొందిన పనివారు మువ్వురు కూర్చుండి చేయిచూచి యిచ్చు యోగ్యతను ప్రభుత్వము ఒప్పుకొనవలెను. బాలభవనములలోను, కళాకేంద్రములలోను నేర్పువారికి తరగతికూలి పోయి నెలజీతము రావలెను. అనుబంధపట్టికలోని ఆ 'పార్ట్‌టైము' నియమమును తొలగించి పూర్తికాలపు నియమమును చేర్చుటకు పార్లమెంటు సమావేశము కొఱకు వేచియుండనక్కఱ లేదు. విద్యాహక్కు చట్టపు ఇరువదవ సెక్షను, ఆ పట్టికలో నియమములను చేర్చుటకును తీసివేయుటకును, ప్రకటనమాత్రముననే కేంద్రప్రభుత్వమునకు అధికార మిచ్చినది. మన రెండు రాష్ట్రముల విద్యామంత్రులును ఆ ప్రకటనను కోరుచు ఢిల్లీకి ఉత్తరము వ్రాయుదురా? బడులు తెఱచుటకు ఇంకను కొలది దినములు గడువున్నది.