సింఫెరోపోల్ కందకం

హిట్లర్ సేనాని ఎరిక్ ఫాన్ మాన్‌స్టైన్ పేరెత్తితే యుద్ధ చరిత్ర ప్రియులు 1940లో ఫ్రాన్స్‌ను ఆరు వారాల్లో పడగొట్టిన పథకం గురించే చెప్పుకుంటారు. ఆ బుర్రను ఎవరూ కాదనరు. గొప్ప సైనికుడు, పాడు ప్రభుత్వం కింద పనిచేశాడు అనే మాటనే నేను ఒప్పుకోను. 1941 నవంబర్ 20న ఆయన సంతకంతో వెలువడిన ఉత్తర్వు యూదు-బోల్షివిక్ వ్యవస్థను సమూలంగా తుడిచిపెట్టాలంది. యూదులపై కఠిన శిక్షలు ఎందుకు అవసరమో సైనికుడు గ్రహించాలని కూడా అంది. మరుసటి నెలలో క్రిమియాలోని సింఫెరోపోల్ యూదులను వేల సంఖ్యలో లారీలెక్కించి, ఊరి బయట ట్యాంకులను ఆపడానికి తవ్విన కందకం దగ్గర కాల్చేశారు. కాల్చింది ఎస్ఎస్ అధికారి ఓలెన్‌డార్ఫ్ నడిపిన హంతక దళం. లారీలు, పెట్రోలు సమకూర్చింది మాన్‌స్టైన్ నడిపిన 11వ సైన్యం. క్రిస్మస్‌లోగా పని కానిమ్మని తొందరపెట్టిందీ సైన్యమేనని ఓలెన్‌డార్ఫ్ తర్వాత చెప్పాడు. హతుల చేతి గడియారాలు కూడా సైన్యం అడిగి తీసుకుంది. గడియారాల దాకా లెక్క చూసుకున్న సైన్యానికి అధిపతి తనకేమీ తెలియదన్నాడు! 1949లో హాంబర్గ్‌లో బ్రిటిష్ సైనిక కోర్టు 18 ఏళ్ల జైలు వేసింది. అది 12 ఏళ్లకు తగ్గింది, 1953కల్లా విడుదలే. ఆయన లాయర్ల ఖర్చుకు చందా ఇచ్చినవాళ్లలో సాక్షాత్తూ చర్చిల్ ఉన్నాడు. విడుదలైన రెండేళ్లకు అచ్చయిన ఆయన జ్ఞాపకాల్లో ఎత్తులూ పైయెత్తులూ కావలసినన్ని దొరుకుతాయి, ఆ కందకం ఊసే ఉండదు. కొత్త సైన్యాన్ని ఎలా నిర్మించాలో పశ్చిమ జర్మనీ సలహా అడిగిందీ ఈయన్నే. 1973లో పోతే సైనిక లాంఛనాలతో సాగనంపింది.