సూర్యమచ్చల లెక్కను దిద్దడం మోసమా?

2015లో శాస్త్రవేత్తలు సూర్యమచ్చల పాత లెక్కలను మార్చేశారనీ, భూతాపానికి సూర్యుడే కారణమన్న నిజాన్ని కప్పిపుచ్చడానికే ఆ పని చేశారనీ కొందరు పదే పదే చెబుతున్నారు. మార్చారన్నది నిజం. కప్పిపుచ్చారన్నది అబద్ధం.

మచ్చల గుంపుల సంఖ్యను పదితో హెచ్చవేసి, విడి మచ్చల సంఖ్యను కలపాలన్న సూత్రం స్విట్జర్లాండ్ ఖగోళవేత్త రుడాల్ఫ్ వోల్ఫ్‌ది. ఆయన అతిచిన్న మచ్చలను లెక్కించలేదు. ఆయన వారసుడు వోల్ఫర్ అన్నీ లెక్కించాడు. అందుకే తన అంకెలను వోల్ఫ్ కొలతకు తేవడానికి 0.6తో హెచ్చవేశాడు. సూర్యమచ్చల లెక్కలు చూసే బ్రస్సెల్స్‌లోని ప్రపంచ సమాచార కేంద్రం 2015లో ఆ 0.6ను తీసేసింది. దాంతో అంకెలన్నీ ఒకే నిష్పత్తిలో పెరిగాయి. ఇందులో దాచిందేముంది?

అసలు దిద్దుబాటు వేరే చోట జరిగింది. 20వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి ఈ లెక్కలు కట్టే జూరిచ్ వేధశాలలో పెద్ద మచ్చ ఒక్కటే అయినా దాన్ని రెండుగా, మూడుగా, ఒక్కోసారి ఐదుగా లెక్కకట్టే అలవాటు స్థిరపడింది. లొకార్నో వేధశాల కూడా అదే పద్ధతి పాటించింది. అక్కడి పరిశీలకులు ఒకే రోజు సూర్యుణ్ణి రెండు పద్ధతుల్లోనూ లెక్కించి చూశారు. మచ్చలు ఎక్కువగా ఉన్న కాలంలో అంకె సుమారు 18 శాతం ఉబ్బుతోందని తేలింది. 1958 నాటి శిఖరం పాత లెక్కలో 201. దాన్ని 0.6తో భాగిస్తే 335. కొత్త లెక్కలో అది 285. ఈ తేడా ఆ ఉబ్బును తీసేసినందువల్ల వచ్చిందే. విమర్శకులు స్వయంగా భాగించి చూసుకోవచ్చు.

18వ శతాబ్దపు అంకెల మీద ఇప్పటికీ నిపుణుల మధ్య గట్టి వాదం నడుస్తోంది. ఆ వాదమంతా అచ్చయిన వ్యాసాల్లోనే ఉంది. 1645 నుంచి 1715 వరకు మచ్చలు బాగా తగ్గాయన్నది మాత్రం అన్ని లెక్కల్లోనూ కనిపిస్తుంది. 20వ శతాబ్దానికైతే కొడైకెనాల్ వేధశాలలో 1904 నుంచి తీసిన సూర్యుడి ఫోటోలున్నాయి. ఒకరి లెక్కను మరొకరు సరిచూసుకోవడానికి పనికొచ్చే సాక్ష్యాలవి.

దిద్దుబాటును పూర్తిగా పక్కన పెట్టినా ఈ ఆరోపణ నిలవదు. 1979, 1989, 2000, 2014 శిఖరాలు పాత లెక్కలో వరుసగా 165, 159, 121, 82. అదే కాలంలో భూమి వేడెక్కుతూ వచ్చింది. 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్న సౌరశక్తి మచ్చలు పెరిగి తగ్గే ఒక చక్రంలో మారేది దాదాపు 0.1 శాతమే.