రచనాశాలల నెన్నుకొనుట

ఇటీవల మన గృహములలో నొక క్రొత్త కోరిక పుట్టినది. కథలు వ్రాయ నేర్చుకొనవలెనని పలువురు రచనా కార్యశాలలలో చేరుచున్నారు. ఈ కోరికను మేము నిందింపము, మిగుల సంతోషింతుము. మేము నిందించునది యా శాలల నెన్నుకొను విధమును. వరుని గుణము విచారింపక వంశప్రతిష్ఠను మాత్రమే చూచి కన్య నిచ్చు పూర్వాచారమునకును, బోధకుని కీర్తిని మాత్రమే చూచి రుసుము చెల్లించు నీ నూతనాచారమునకును భేద మేమి?

ప్రతిభ పుట్టుకతో రావలెను గాని నేర్పిన వచ్చునా యని కొంద రాక్షేపింతురు. కంఠము పుట్టుకతో వచ్చినదే. అయినను సంగీతమునకు గురువు వలదని యెవ్వరు ననరు. శిక్షణము ప్రతిభ నీయజాలకున్నను, వ్రాసినదానిని దిద్దుకొను నేర్పు నీయగలదు.

అయితే శాలలన్నియు నొక్క తీరువి కావు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున 1936లో నేర్పడిన రచయితల కార్యశాలలో రెండేండ్లు చదివి పట్టము పొందవలెను. 1968లో నారంభమైన క్లారియన్ కార్యశాల యాఱు వారములది. వైజ్ఞానిక కల్పనలు, అద్భుత కల్పనలు వ్రాయువారి కుద్దేశింపబడినది. రెండింటను విద్యార్థి వ్రాతను తోడివారు ముందుగా చదివి గుణదోషములు చర్చింతురు. పద్ధతి యొక్కటియే యైనను, ఒకదానికి తగినవారు రెండవదానికి తగకపోవచ్చును. పేరు పెద్దదని తగనిచోట చేరుట వివేకమా?

కావున మన మేమి కోరుచున్నామో ముందుగా తేల్చుకొనవలెను. సగములో నిలిచిన నవలను ముగింపవలెనా? గడువు పెట్టి వ్రాయించు శాల కావలెను. ముగించినదానికి మెరుగు పెట్టవలెనా? పదిమందికి మించని కూటమిలో ప్రతివారి వ్రాతయు చదువబడు శాల కావలెను. నూర్గురు కూర్చుండి యొక్కని యుపన్యాసము వినునది సభ యగును గాని కార్యశాల కాదు. అచ్చువేయింతుమని వాగ్దానము చేసి సొమ్మడుగు శాలను సందేహింపవలసినదే.

పిమ్మట పరిస్థితులను చూడవలెను. ఆదివారమంతయు జరుగు శాలకు పురుషుడు సుఖముగా పోవును. ఆ యింటి గృహిణి కానాడే పని రెట్టింపు. ఆమె రాలేదని, శ్రద్ధ లేదనుట న్యాయమా? ఇల్లు కదలకయే అంతర్జాలముద్వారా వారమున కొక గంట నేర్పు శాల యామెకు మేలు. ఆ గంట నామెకు కల్పించుట యింటివారందఱి ధర్మము.

బండారు అచ్చమాంబ (1874–1905) పాఠశాలకు పోయి చదువుకొన్నది కాదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు చదువుకొనుచుండగా, తానును ఇంటనే చదువు నేర్చి, 1902లో ‘ధనత్రయోదశి’ కథను ప్రకటించెను. ఆమెకు దొరకినది పేరుగల శాల కాదు. తోడు చదువరి, పుస్తకములు, పట్టుదల. ఈ మూటిలో మన కేది కొఱతయో దాని నిచ్చు శాలయే మనకు తగిన శాల.

చదువరులారా! సొమ్ము చెల్లింపకమునుపే మీ కోరికను, మీ తీరికను, మీ సంచిని లెక్కించుకొనుడు. శాల మన వ్రాతకొఱకు గాని, మన వ్రాత శాల ప్రతిష్ఠకొఱకు గాదు.