ఫీడర్ చిన్నదైతే కరెంటుకు కోత

ఖరగ్‌పూర్ స్టేషన్ మీదుగా బొగ్గు రేకు సాగిపోతుంటే ఎవరూ తలతిప్పి చూడరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఆ రైల్వే పట్టణంలో అది మామూలు దృశ్యం. దాదాపు 60 వ్యాగన్లు, 3,500 టన్నులకు పైగా సరుకు. 210 మెగావాట్ల విద్యుత్ యూనిట్ ఒక్కదానికి అది ఒక్క రోజు తిండి. ఖరగ్‌పూర్-హౌరా మార్గంలోని కొలాఘాట్ కేంద్రాన్ని అలాంటి 6 యూనిట్లతో నిర్మించారు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు కేంద్రంలోనూ మొదటి 6 యూనిట్లు అదే సైజువి.

ఆ తిండిని వడ్డించేది ఫీడర్. బంకర్ నుంచి దిగే బొగ్గును బెల్టు మీద తూచి, పొడి చేసే మిల్లుకు పంపుతుంది. ఆవిరి ఇంజన్ల రోజుల్లో ఈ పని ఫైర్‌మన్‌ది. మంటను, ఆవిరి పీడనాన్ని చూసి పార వేగం పెంచేవాడు, తగ్గించేవాడు. ఫీడర్‌కు అంత స్వేచ్ఛ లేదు. అది ఎంత ఎక్కువ, ఎంత తక్కువ వడ్డించగలదో కొన్న రోజే ఖాయమైపోతుంది.

చిక్కంతా అక్కడే. కిలోవాట్ అవర్ విద్యుత్తుకు సుమారు 2,450 కిలో కేలరీల వేడి కావాలనుకుందాం. కిలోకు 3,500 కిలో కేలరీలిచ్చే బొగ్గయితే 210 మెగావాట్లకు గంటకు 147 టన్నులు చాలు. ఆరు మిల్లుల్లో ఒకటి మరమ్మతుకు వదిలేసినా, మిగతా అయిదింటికీ తలా 29 టన్నులు. ఆ లెక్కన 30 టన్నుల ఫీడర్లు సరిపోతాయని ఆర్డరిస్తే కాగితం మీద తప్పేమీ కనిపించదు.

కానీ బూడిద పెరిగి బొగ్గు 3,000 కిలో కేలరీలకు పడిపోతే అవసరం గంటకు 170 టన్నులు దాటుతుంది. ఆరో మిల్లు కూడా తిప్పక తప్పదు. అప్పుడు ఒక్క ఫీడర్ ఆగినా పాతిక మెగావాట్లకు పైగా ఉత్పత్తి తగ్గుతుంది. అందులోనూ వానాకాలంలో తడిసిన బొగ్గు బంకర్ గోడలకు అంటుకుని దిగనని మొరాయిస్తుంది.

అలాగని మరీ పెద్ద ఫీడర్ కొన్నా ఇబ్బందే. సౌర విద్యుత్తు పెరగడంతో మధ్యాహ్నం పూట థర్మల్ యూనిట్లు తగ్గి నడవాల్సి వస్తోంది. లోడును 55 శాతానికి దించగలగాలని 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన పెట్టింది. పెద్ద ఫీడర్‌ను మరీ నెమ్మదిగా తిప్పితే తూకంలో తేడా వస్తుంది, మంట నిలకడ తప్పుతుంది. దాన్ని నిలబెట్టడానికి ఖరీదైన ఆయిల్ మండించాలి.

అందుకే సైజు తేల్చేముందు రెండు లెక్కలు కావాలి. అధ్వాన్నమైన బొగ్గుతో పూర్తి లోడు, మేలైన బొగ్గుతో కనిష్ఠ లోడు. ఈ రెండింటి మధ్యా నిలకడగా తిరిగేదే సరైన ఫీడర్. టెండరులో రాసిన బొగ్గు వేరు, రేకులో వచ్చే బొగ్గు వేరు. బాయిలర్‌లో మండేది రెండోదే.