ఆ కాలపు పిల్లలు అలా మాట్లాడేవారా?

ఆడపిల్లల పెళ్ళి వయసు గురించి, బడి మానేయడం గురించి, రక్తహీనత గురించి మనం తరచూ మాట్లాడతాం. వాళ్ళు ఏ కథలు చదువుతున్నారో, చదివి ఏమనుకుంటున్నారో మాత్రం అడగం. అందుకే ఈ సంచికలో ఒక నవల గురించి, అంతకంటే ఎక్కువగా దాని మీద పాఠకుల అభిప్రాయాల గురించి రాస్తున్నాను.

అమెరికన్ రచయిత్రి లిబ్బా బ్రే రాసిన 'ఎ గ్రేట్ అండ్ టెరిబుల్ బ్యూటీ' 2003లో వచ్చింది. కథ 1895లో బొంబాయిలో మొదలవుతుంది. తల్లి చనిపోయాక పదహారేళ్ళ జెమ్మా ఇంగ్లండులో ఒక బోర్డింగు స్కూల్లో చేరుతుంది. అక్కడి స్నేహితురాళ్ళలో పిప్పాని, తండ్రి జూదం అప్పులు గట్టెక్కడానికి, ఆమెకు రెట్టింపు పైన వయసున్న లాయరుకు ఇవ్వబోతున్నారు. డబ్బు లేని ఆన్, బంధువుల పిల్లలకు చదువు చెప్పుకుంటూ బతకాలి. ఫెలిసిటీకి ఎవరి అదుపులోనూ ఉండటం ఇష్టం లేదు. జెమ్మాకున్న మాయాశక్తితో నలుగురూ వేరే లోకానికి వెళ్ళివస్తుంటారు. ఆ శక్తి వాడొద్దని హెచ్చరించడానికి మగవాళ్ళ రహస్య సంఘం ఒకటి కార్తీక్ అనే భారతీయ యువకుణ్ణి పంపుతుంది.

ఈ పుస్తకంపై వచ్చిన అభిప్రాయాలు చదువుతుంటే రెండు ఫిర్యాదులు మళ్ళీమళ్ళీ కనిపించాయి. ఒకటి, ఈ పిల్లలు మంచివాళ్ళు కారని. స్వార్థం, అసూయ, ఒకరినొకరు గాయపరచుకోవడం నచ్చలేదంటారు. సాహసాలు చేసే కుర్రాడి కథలో ఇవే గుణాలుంటే ఎంతమందికి అభ్యంతరం? రెండోది ఇంకా ముఖ్యమైనది. విక్టోరియా కాలపు పిల్లలు ఇలా ఆలోచించేవారు కాదనీ, ఇవన్నీ నేటి అమ్మాయిల మాటలనీ అంటారు.

భాష విషయంలో ఈ విమర్శ కొంత నిజమే. కానీ ధిక్కారం కూడా మన కాలానిదే అనడం చరిత్ర తెలియని మాట. దానికి జవాబు కథ మొదలైన బొంబాయిలోనే ఉంది.

రఖ్మాబాయికి పదకొండో ఏట పెళ్ళయింది. పెద్దయ్యాక ఆ భర్త దగ్గరకు వెళ్ళనంది. తన భార్యను తనకు అప్పగించమని అతను 1884లో బొంబాయి హైకోర్టుకెక్కాడు. ఆమె 'ఒక హిందూ స్త్రీ' అన్న మారుపేరుతో పత్రికకు ఉత్తరాలు రాసి బాల్యవివాహాన్ని నిలదీసింది. 1887లో కోర్టు, భర్త దగ్గరకు వెళ్ళు, లేదా ఆరునెలలు జైలుకు పో అంది. ఆమె జైలుకే సిద్ధపడింది. ఇలాంటి డిక్రీని ధిక్కరించినందుకు జైలుశిక్ష వేయడాన్ని ఇంగ్లండు 1884లోనే తీసేసింది. బొంబాయిలో ఒక హిందూ స్త్రీకి మాత్రం ఆ శిక్ష వేయడానికి ఇంగ్లీషు న్యాయమూర్తికి అడ్డు కనిపించలేదు. 1888లో డబ్బు చెల్లించి రాజీ పడ్డాక ఆమె లండన్ వెళ్ళి వైద్యం చదివి, తిరిగొచ్చి దశాబ్దాలపాటు డాక్టరుగా పనిచేసింది.

ఆనాడు తిలక్ వంటివారు ఏమన్నారు? ఈ తెగింపు ఆమెది కాదు, ఇంగ్లీషు చదువుదన్నారు. 'ఆ కాలపు పిల్లలు ఇలా మాట్లాడరు' అన్న నేటి పాఠకుల మాటకూ దీనికీ పెద్ద తేడా ఏముంది? స్త్రీ ఎదురుతిరిగితే ఆ మాట ఆమెది కాదనడం పితృస్వామ్యానికి పాత అలవాటు. పెళ్ళి వద్దని బాలిక చెప్పినప్పుడు, 'మా పిల్లకు ఇవన్నీ ఎవరు నేర్పారు?' అని మన కార్యకర్తల మీదికి వచ్చే పెద్దలు అంటున్నదీ అదే.

అయితే నవలను కూడా ఊరికే వదలలేం. చాలామంది పాఠకులు కార్తీక్ని ప్రేమించారు. మూడో భాగంలో అతని మరణానికి బాధపడ్డారు, కోపగించుకున్నారు. కానీ అతనున్నది తెల్లపిల్ల తనను తాను తెలుసుకునే కథలో కాపలాదారుగా, ప్రేమికుడుగా. బొంబాయిలో మొదలైన కథలో ఆ నలుగురితో సమానంగా నిలిచే భారతీయ బాలిక ఒక్కతీ లేదు. మాయాశక్తి లేకుండానే కోర్టును ఎదిరించిన స్త్రీ ఉన్న ఊరది. ఈ లోటు గురించి మన పాఠకులు గట్టిగా మాట్లాడాలి.

ఇదంతా గడిచిపోయిన కథ కూడా కాదు. భార్యను కాపురానికి రప్పించే ఆ ఇంగ్లీషు చట్టాన్ని ఇంగ్లండు 1970లో రద్దు చేసుకుంది. మన దగ్గర 1955 హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్లో అది కొనసాగుతోంది. 1983లో సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి అది రాజ్యాంగ విరుద్ధమన్నారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు దాన్ని మళ్ళీ నిలబెట్టింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ళ స్త్రీలలో 23.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. పిప్పాలు ఇంకా మన మధ్యే ఉన్నారు. తప్పించుకోవడానికి వాళ్ళకు వేరే లోకం లేదు.

మీరు పనిచేసే చోట, హాస్టళ్ళలో, కిశోర బాలికల సంఘాల్లో ఒకసారి అడగండి: ఏం చదివారు, ఎవరు నచ్చారు, ఎవరి మీద కోపం వచ్చింది? చదవడానికి పుస్తకమే లేదంటే అదీ మనం పట్టించుకోవలసిన విషయమే. వాళ్ళ జవాబుల్ని సరిదిద్దకుండా, వాళ్ళ మాటల్లోనే మాకు రాసి పంపండి. అవి వాళ్ళ మాటలేనా అని మాత్రం మేం అడగం.