ముప్పును ముందే లెక్కగట్టాలి

ఉర్దూ మాట్లాడే మన ఇళ్ళలో ఎవరికైనా పక్షవాతం వస్తే 'ఫాలిజ్ గిరా' అంటారు. ఫాలిజ్ వచ్చి మీద పడిందని దాని అర్థం. పిడుగు పడినట్టు, దానికి వెనకా ముందూ ఏమీ లేనట్టు మాట్లాడతాం. గుండెపోటు విషయంలోనూ అంతే. "నిన్న సాయంత్రం దాకా బాగానే ఉన్నాడండీ, బజారుకు కూడా వెళ్ళొచ్చాడు" అన్న మాట పరామర్శకు వెళ్ళిన చాలా ఇళ్ళలో వింటున్నాం. ఆ మనిషి నిన్న సాయంత్రం బాగా కనిపించాడన్నది నిజమే. కాని బాగా లేడు. అతని రక్తనాళాల్లో పదేళ్ళుగా, ఇరవై ఏళ్ళుగా సాగుతూ వచ్చిన చెడుపు నిన్న రాత్రి బయటపడింది.

ఈ సంగతి ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణం ఉంది. మాతో పాటు ఎన్నో ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన ఒక ఉపాధ్యాయ మిత్రుడు మాట పడిపోయి మంచాన ఉన్నారు. ఆయనకు రక్తపోటు ఉన్నట్టు ఏడేళ్ళ క్రితమే తెలుసు. ఏడాది పాటు మాత్రలు వేసుకున్నారు. పరీక్ష చేయిస్తే 130 వచ్చింది. తగ్గిపోయింది కదా అని మాత్రలు మానేశారు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగలేదు కనుక మళ్ళీ చూపించుకోలేదు. ఆ 130 మాత్రల వల్ల వచ్చిన అంకె అని, మాత్ర మానితే అదీ పోతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. జీవితమంతా మాట మీద బతికిన మనిషి మనవడి పేరు పలకలేక కన్నీరు పెట్టుకుంటుంటే మేము చూడలేకపోయాం.

ఇది చదువు లేకపోవడం వల్లనో, పేదరికం వల్లనో మాత్రమే జరిగే పొరపాటు కాదు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ సంగతి చూడండి. 1935లో ఆయన రక్తపోటు 136/78. 1941 నాటికి అది 188/105కు చేరింది. ప్రపంచంలోకెల్లా బలవంతుడైన ఆ పాలకుడి పక్కనే వైద్యులు ఉన్నారు. అయినా వయసుతో పాటు రక్తపోటు పెరగడం సహజమేనని ఆ రోజుల్లో చాలామంది వైద్యులు నమ్మేవారు. పైగా దాన్ని తగ్గించే మంచి మందులూ అప్పట్లో లేవు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై, 63వ ఏట ఆయన మరణించారు. ఆ రోజు వైద్యుడు కొలిచిన రక్తపోటు 300/190.

మూడేళ్ళ తర్వాత, 1948లో, అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న పట్టణంలో ఒక పరిశోధన మొదలైంది. గుండెజబ్బు లేని 5,209 మంది స్త్రీ పురుషులను ఎంచుకుని, రెండేళ్ళకోసారి పరీక్షిస్తూ, ఎవరికి జబ్బు వస్తుంది, ఎవరికి రాదు, తేడా ఎక్కడుంది అని ఏళ్ళ తరబడి గమనించారు. రక్తపోటు, కొలెస్టరాల్, పొగ తాగడం, మధుమేహం వంటివి జబ్బుకు దారి వేస్తాయని అక్కడ తేలింది. 'ముప్పు కారకాలు' అని వైద్యులు ఈనాడు వాడే మాట 1961లో ఆ పరిశోధన ద్వారానే వ్యాప్తిలోకి వచ్చింది.

అది తెల్లవారి ఊరు, వారి సంగతి మనకెందుకు అని ఎవరైనా అనవచ్చు. దానికి సమాధానం కేరళలో పుట్టి, బెంగుళూరులో వైద్యం చదివి, కెనడాలో స్థిరపడిన డాక్టర్ సలీం యూసుఫ్ ఇచ్చారు. ఆయన నాయకత్వంలో 52 దేశాల్లో జరిగిన అధ్యయనం 2004లో వెలువడింది. పొగాకు, కొవ్వు, రక్తపోటు, మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, పండ్లూ కూరగాయలూ తక్కువ తినడం, ఒళ్ళు కదలకపోవడం వంటి తొమ్మిది అంశాలే, ఏ దేశంలోనైనా, మొదటిసారి వచ్చే గుండెపోట్లలో తొంభై శాతానికి పైగా కారణమని అందులో తేలింది. మనకు సంబంధించి మరో చేదు నిజం కూడా బయటపడింది. దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వస్తోంది. తక్కిన దేశాల వారికి 59 ఏళ్ళ దగ్గర. అంటే కూతురి పెళ్ళి, కొడుకు చదువు ఇంకా మిగిలి ఉన్న వయసులోనే మన ఇంటి పెద్ద పడిపోతున్నాడు.

ఇక్కడే మనం మార్చుకోవలసిన ఆలోచన ఒకటుంది. 'నాకు జబ్బు ఉందా, లేదా?' అని అడుగుతాం. 'నాకు ముప్పు ఎంత ఉంది?' అని అడగాలి. ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు.

ఇద్దరు మనుషులను తీసుకుందాం. ఒకరికి 42 ఏళ్ళు. కొలెస్టరాల్ కాస్త ఎక్కువ. రక్తపోటు, చక్కెర మామూలే, పొగాకు అలవాటు లేదు. రెండో ఆయనకు 61 ఏళ్ళు. కొలెస్టరాల్ మొదటి ఆయనతో సమానమే. రక్తపోటు 150. కొద్దిగా చక్కెర. రోజుకు అరకట్ట బీడీలు. మొదటి ఆయన రిపోర్టు చూసుకుని రాత్రిళ్ళు నిద్రపోడు. రెండో ఆయన 'అన్నీ కొంచెం కొంచెమే కదా' అని నిశ్చింతగా ఉంటాడు. నిజానికి భయపడవలసింది రెండో ఆయనే. ఈ కారకాలు ఒకటికి ఒకటి తోడై, ఒకదాని బలాన్ని మరొకటి పెంచుతాయి. చిన్న చిన్న అప్పులు నలుగురి దగ్గర చేసినవాడు మొత్తం కలిపి చూసుకోకపోతే ఎలా మునుగుతాడో ఇదీ అంతే.

ఈ మొత్తం కలిపి చూసే పద్ధతి వైద్యుల దగ్గర ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సవరించిన పట్టికలు 40 నుంచి 74 ఏళ్ళ వారికి ఉద్దేశించినవి. వయసు, ఆడా మగా, పొగతాగే అలవాటు, రక్తపోటు పై అంకె, మధుమేహం, కొలెస్టరాల్ ఇస్తే రాబోయే పదేళ్ళలో గుండెపోటో పక్షవాతమో వచ్చే అవకాశం ఎంతో చెబుతాయి. రక్తపరీక్షకు వీలులేని చోట కొలెస్టరాల్, మధుమేహాలకు బదులు ఎత్తు బరువులతోనే చూసే పట్టిక కూడా ఉంది. ముప్పు 5 శాతం లోపైతే ఆకుపచ్చ, పెరిగేకొద్దీ పసుపు, నారింజ, 20 దాటితే ఎరుపు. ఇరవై శాతం అంటే, అటువంటివారు వందమంది ఉంటే అందులో ఇరవై మంది పదేళ్ళలో ఆ దెబ్బ తింటారని అర్థం. ఆ ఇరవై మందిలో నీవున్నావో లేదో పట్టిక చెప్పదు. కాని అయిదు మందిలో ఒకరికి ప్రమాదం జరిగే బస్సు ఎక్కమంటే మనలో ఎవరు ఎక్కుతారు?

అయితే పట్టికకు కొన్ని హద్దులున్నాయి. ఇదివరకే గుండెపోటో పక్షవాతమో వచ్చినవారికి లెక్కతో పనిలేదు. వారు ఎక్కువ ముప్పులో ఉన్నట్టే, మందులు తప్పనిసరి. తండ్రికో అన్నకో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే, గర్భవతిగా ఉన్నప్పుడు రక్తపోటు పెరిగి ఉంటే, ఆ సంగతి పట్టికలో లేదు. వైద్యుడు అడగకపోయినా మనమే చెప్పాలి. నాడి లయ తప్పి కొట్టుకునేవారికి పక్షవాతం ముప్పు సుమారు అయిదు రెట్లు. అందుకు వేరే మందు ఉంది.

లెక్క సరిగా రావాలంటే కొలత సరిగా ఉండాలి. మెట్లెక్కి ఆయాసంతో వచ్చిన మనిషికి, మాట్లాడుతుండగానే, చొక్కా చేతి మీద పట్టీ చుట్టి రక్తపోటు చూడడం మనం రోజూ చూస్తున్నదే. కొలిచే ముందు అరగంట పాటు టీ, బీడీ వద్దు. మూత్రవిసర్జన చేసి రావాలి. వీపు ఆనించి, కాళ్ళు నేలమీద పెట్టి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. రెండుసార్లు కొలవాలి. వేరు వేరు రోజుల్లో కూడా 140/90 గాని, అంతకు మించి గాని వస్తే అది రక్తపోటే. ఒంట్లో ఏ బాధా లేకపోయినా అది రక్తపోటే.

ఇక చికిత్స. 2016లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, రక్తపోటు పై అంకె 10 తగ్గితే పక్షవాతం ముప్పు నాలుగో వంతుకు పైగా తగ్గినట్టు తేలింది. ముప్పు ఎక్కువ ఉన్నవారికి కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్రలూ అటువంటి మేలే చేస్తాయి. ఇవి జ్వరం మాత్రల వంటివి కావు. అంకె బాగుందంటే మాత్ర పని చేస్తోందని అర్థం, మానేయమని కాదు. ఎక్కువై కళ్ళు తిరుగుతుంటే వైద్యుడే మోతాదు తగ్గిస్తాడు.

ఆస్పిరిన్ విషయంలో మాత్రం జాగ్రత్త. ఒకసారి గుండెపోటు వచ్చినవారికి వైద్యుడు రాసిన ఆస్పిరిన్ మానకూడదు. ఏ జబ్బూ రానివారు 'రక్తం పలచబడుతుంది' అని సొంతంగా వేసుకోవడం వేరు. 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న వృద్ధులకు దానివల్ల గుండె విషయంలో చెప్పుకోదగ్గ మేలు జరగలేదు సరికదా రక్తస్రావాలు పెరిగాయి.

మందుతో పాటు వంటిల్లు కూడా మారాలి. రోజుకు మనిషికి ఉప్పు అయిదు గ్రాములు, అంటే ఒక టీ చెంచా, మించకూడదు. ఆవకాయ, అప్పడం, సాయంత్రపు ఉప్పు బిస్కెట్లు అన్నీ ఆ చెంచాలోకే వస్తాయి. దావతు రోజు బిర్యానీ ప్రమాదం కాదు. రోజూ దావతులా తినడం ప్రమాదం. వారానికి 150 నిమిషాల చురుకైన నడక కావాలి. బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీలలో 'తక్కువ హాని' అన్నది లేదు. మానినవాడికి గుండెజబ్బు ముప్పు ఏడాదిలోనే సుమారు సగానికి దిగుతుంది.

రంజాన్ నెల గురించి ఒక మాట. ఉపవాసం కోసం మాత్రలు తమంతట తామే మానేసేవారు, మూడు పూటలవి ఇఫ్తార్‌లో ఒకేసారి మింగేసేవారు మన మధ్య ఉన్నారు. రెండూ ప్రమాదకరమే. నెల రెండు నెలల ముందే వైద్యుణ్ణి కలిస్తే చాలామందికి మందులను సహరీకి, ఇఫ్తార్‌కు సర్దవచ్చు. మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి మోతాదు మార్చవలసి వస్తుంది. ఉపవాసం వద్దని వైద్యుడు చెబితే వినాలి. రోగికి మినహాయింపు ధర్మమే ఇచ్చింది. దాన్ని వాడుకోవడం ఈమాన్‌కు లోటు కాదు.

ఇంత జాగ్రత్తపడినా దెబ్బ తగిలితే? మూతి వంకర పోవడం, చేయి వాలిపోవడం, మాట ముద్దగా రావడం, ఒక్కసారిగా తూలడం, చూపు మందగించడం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గడియారం చూడండి. రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయి. ఆ గంటలను మనం ఏం చేస్తున్నాం? పావురం రక్తం రాయడానికి, నూనెతో మర్దన చేయించడానికి, తాయెత్తు కట్టించడానికి ఖర్చు చేస్తున్నాం. ఇది చాలా శోచనీయం. సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే తీసుకువెళ్ళాలి. గడ్డా, రక్తస్రావమా అన్నది స్కాన్ తీస్తేనే తెలుస్తుంది కనుక ఇంట్లో ఆస్పిరిన్ వేయకూడదు, నోట్లో నీళ్ళు పోయకూడదు. పది నిమిషాల్లో దానంతట అదే తగ్గిపోయినా వెళ్ళి తీరాలి. పెద్ద దెబ్బకు అది ముందస్తు హెచ్చరిక. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. ఆడవారిలో, మధుమేహం ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసంగా, నీరసంగా కూడా గుండెపోటు రావచ్చు. 2005లో మొదలైన 108 వాహనం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. పిలవడానికి సంకోచం దేనికి?

ప్రభుత్వాల బాధ్యత కూడా ఉంది. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో పెద్దవారిలో 35.5 శాతం మందికి రక్తపోటు, 11.4 శాతం మందికి మధుమేహం ఉన్నాయి. 2017లో ఆరంభమైన జాతీయ రక్తపోటు నియంత్రణ కార్యక్రమానికి తొలుత ఎంచుకున్న అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ముప్పై ఏళ్ళు దాటినవారి వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, శారీరక శ్రమ, కుటుంబంలో జబ్బులు అడిగి ఆశా కార్యకర్త ఒక పత్రం నింపాలి. మార్కులు నాలుగు దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. ఏర్పాటు మంచిదే. కాని మందు ఒక నెల ఉండి మరో నెల లేకపోతే రోగి మానేస్తాడు. చీటీ రాసి పంపడమే తప్ప 'ఇది జీవితాంతం' అని రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పకపోతే మా మిత్రుడి కథే ప్రతి వీధిలో జరుగుతుంది. నెల నెలా మందు, రెండు నిమిషాల మాట - ఈ రెండూ హామీ ఇవ్వవలసిందిగా మేము కోరుతున్నాం.

పాఠకులకు మా విన్నపం ఒక్కటే. ఈ వారంలో ఒక పూట కేటాయించి ఇంట్లో ముప్పై దాటిన ప్రతివారికీ రక్తపోటు చూపించండి. నడుము కొలవండి. ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే అది కూడా లెక్కలో చేరుతుంది. అంకెలన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. అందరికీ వడ్డించి తన ఒంటి సంగతి ఎవరికీ చెప్పని అమ్మను మొదట కూర్చోబెట్టండి. 'నాకేం, బాగానే ఉన్నాను' అని ఆమె అంటుంది. మా మిత్రుడు కూడా అదే అనేవారు.